గీత విన్న అంధుడు: వైకల్య చరిత్రను పాఠశాలలో బోధించవలసిన ఆవశ్యకత

ఋగ్వేద ప్రథమ మండలంలో 140వ సూక్తం మొదలుకొని 164వ సూక్తం వరకు ద్రష్టగా సంప్రదాయం స్మరించే ఋషి దీర్ఘతముడు. సత్పదార్థం ఒక్కటే అయినా విజ్ఞులు దానిని అనేక నామాలతో వ్యవహరిస్తారనే భావం ఆయన దర్శించిన సూక్తంలోనిదే. ఆ మహర్షి జన్మాంధుడు. ఈ విషయం పాఠశాలలో చదివే బాలబాలికలలో చాలా కొద్దిమందికే తెలుసు. అయితే ధృతరాష్ట్రుడు గుడ్డివాడని, మంథర గూనిదని, దృశ్యమాధ్యమాలలో కనిపించే శకుని కుంటివాడని మాత్రం ఏ పాఠమూ చదవకముందే వారందరికీ తెలుసు. శరీరంలోని వంకరను మనస్సులోని వంకరకు చిహ్నంగా గ్రహించే అలవాటు ఈ విధంగా బాల్యంలోనే స్థిరపడుతున్నది. ఆ తరగతి గదిలోనే చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక బాలిక, వినికిడి యంత్రం ధరించిన ఒక బాలుడు ఉండవచ్చు. ఆ కథలను వారు కూడా వింటున్నారన్న స్పృహ చెప్పేవారికి ఉండదు.

2011 జనగణన ప్రకారం భారతదేశంలో వైకల్యమున్నవారు 2.68 కోట్లమంది. వైకల్యమున్నవారి హక్కులకై భారత పార్లమెంటు 2016లో ఆమోదించిన చట్టం 21 విధాల వైకల్యాలను గుర్తించింది. ఆ చట్టంలోని 39వ సెక్షన్ కేవలం ప్రచారంతో తృప్తి చెందలేదు. విశ్వవిద్యాలయాలు, కళాశాలలు, పాఠశాలల పాఠ్యప్రణాళికలో వైకల్యమున్నవారి హక్కులు చేరేలా చూడాలని విధించింది. ఇది మన దేశానికే పరిమితమైన ఆలోచన కాదు. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రం వైకల్యమున్న యువజనుల కృషి ఫలితంగా 2006లోనే అక్టోబరు మాసంలో ఒక వారాన్ని పాఠశాలల్లో వైకల్య చరిత్ర బోధనకు కేటాయించింది. అయితే భారతీయ విద్యార్థికి ఈ చరిత్రను బోధించడానికి ఎక్కడినుండో సామగ్రి తెచ్చుకోవలసిన అవసరం లేదు. మన ఇతిహాసాలు, స్మృతులు, దండనీతి గ్రంథాలు, ఇటీవలి శతాబ్దాల విద్యాసంస్థల వృత్తాంతాలు కలిసి ఒక సమగ్ర పాఠ్యాంశాన్ని ఇస్తాయి. ఆ పాఠంలో గర్వించదగినది ఉన్నది, సిగ్గుపడదగినది కూడా ఉన్నది. రెండింటినీ బోధిస్తేనే అది చరిత్ర అవుతుంది.

ద్వారం వద్ద నిలిచిన బాలుడు

మహాభారత అరణ్యపర్వంలో అష్టావక్రోపాఖ్యానం ఉన్నది. తండ్రి కహోడుడు వేదాధ్యయనం చేస్తుండగా గర్భస్థ శిశువు దోషాన్ని ఎత్తిచూపాడు. కోపించిన తండ్రి ఎనిమిది వంకరలతో పుట్టమని శపించాడు. ఆ కహోడుడే జనక మహారాజు సభలో వంది అనే పండితునితో వాదించి ఓడి, జలంలో ముంచబడ్డాడు. పన్నెండేళ్ళ వయస్సులో ఆ సంగతి తెలుసుకొన్న అష్టావక్రుడు మేనమామ శ్వేతకేతువుతో కలిసి జనకుని యజ్ఞశాలకు వెళ్ళాడు. ద్వారపాలకుడు అడ్డగించాడు. బాలురకు ప్రవేశం లేదన్నాడు. తల నెరసినంత మాత్రాన పెద్దరికం రాదని, జ్ఞానమే పెద్దరికానికి ప్రమాణమని వాదించి బాలుడు లోపలికి ప్రవేశించాడు. వందిని జయించాడు. తండ్రిని తిరిగి పొందాడు.

లోకంలో ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథ వేరు. సభలోని పండితులు అష్టావక్రుని నడక చూసి నవ్వారని, ఆయన వారందరినీ చర్మాన్ని మాత్రమే చూసే చర్మకారులని నిందించాడని జనశ్రుతి. ఇది మహాభారతంలోని ఉపాఖ్యానంలో కనిపించదు. ఆ ప్రశ్నలోని తాత్త్విక సారం గొప్పదే. చర్మాన్ని చూడటానికి, ఆత్మను చూడటానికి గల భేదాన్ని అది ఒక్క మాటలో తెలుపుతుంది. కానీ వైకల్యాన్ని అవమానించరాదని చెప్పే ఆ కథ, అదే నోటితో ఒక వృత్తివారి పేరును నిందావాచకంగా ప్రయోగిస్తున్నది. చర్మకార కుటుంబంలో పుట్టిన విద్యార్థి కూడా తరగతిలో కూర్చుని ఉంటాడు. ఒక అవమానాన్ని తొలగించడానికి మరొక అవమానాన్ని సాధనంగా చేయరాదని ఉపాధ్యాయుడు అక్కడే ఆగి చెప్పగలిగితే, ఆ కథ రెండింతల ప్రయోజనాన్ని ఇస్తుంది.

మూలకథలో మరొక అంశం గమనార్హం. విజయానంతరం తండ్రి ఆదేశంతో అష్టావక్రుడు సమంగా నదిలో స్నానం చేయగా అవయవాలు సరియైనాయి. భాగవత దశమ స్కంధంలో త్రివక్ర కథ కూడా శ్రీకృష్ణుడు ఆమె శరీరాన్ని నిటారుగా చేయడంతోనే మలుపు తిరుగుతుంది. గీతాధ్యాన శ్లోకాలలో మూగవాడు వాగ్మి కావడం, కుంటివాడు పర్వతాన్ని దాటడం భగవత్కృపకు నిదర్శనాలు. భక్తుని దృష్టిలో ఇవన్నీ అనుగ్రహ మహిమను చాటే ఘట్టాలు. ఆ భావంలో దోషం లేదు. కానీ ప్రతి ఉదయం ప్రార్థనలో ఈ మాటలు వినే వైకల్యమున్న బాలునికి ఒక సందేహం కలుగుతుంది. తన కాలు సరికాలేదు గనుక తనపై కృప లేదా? ఈ సందేహానికి సమాధానం అదే సంప్రదాయంలో ఉన్నది. అష్టావక్రుడు వందిని జయించింది అవయవాలు సరియైన తరువాత కాదు. ఎనిమిది వంకరలున్న దేహంతోనే. దీర్ఘతముడు సూక్తద్రష్ట అయినది చూపు వచ్చినందువల్ల కాదు. కృప అంటే దేహం మారడం మాత్రమే కాదని ఈ రెండు కథలను పక్కపక్కనే ఉంచి చెప్పాలి.

ప్రవాహంలో వదలబడినవాడు, సింహాసనం నుండి తొలగింపబడినవారు

దీర్ఘతముని జీవితంలోని కఠిన ఘట్టాన్ని ఆదిపర్వం దాచలేదు. కుటుంబాన్ని పోషించలేని అంధుడని భార్య విసిగిపోయింది. తల్లి ప్రేరణతో కుమారులు ఆయనను తెప్పకు కట్టి గంగలో వదిలారు. ప్రవాహంలో కొట్టుకొనివచ్చిన ఋషిని బలి అనే రాజు గుర్తించి గట్టుకు చేర్చి ఆదరించాడు. మంత్రద్రష్టకు సైతం సొంత ఇంట్లో భారమన్న పేరు తప్పలేదు. ఆదరించినవానికి ఆయన కంటిచూపుతో పనిలేదు. ఆయన విద్యను గౌరవించాడు. కుటుంబానికి వైకల్యమున్న వ్యక్తి భారమన్న భావన ఎంత పురాతనమైనదో, దానిని తిరస్కరించే దృష్టి కూడా అంతే పురాతనమైనదని ఈ కథ తెలుపుతుంది.

ఉద్యోగపర్వంలో దేవాపి కథ ఉన్నది. ప్రతీప మహారాజు జ్యేష్ఠ పుత్రుడు దేవాపి ధర్మాత్ముడు, సత్యవాది, ప్రజలకు ప్రియుడు. కానీ చర్మవ్యాధి గలవాడు. అభిషేకానికి సర్వం సిద్ధమైనప్పుడు బ్రాహ్మణులు, పురజనులు అడ్డుపడ్డారు. అంగహీనుడైన రాజును దేవతలు అంగీకరించరన్నారు. వృద్ధ ప్రతీపుడు కన్నీరు కార్చాడు. దేవాపి అడవికి వెళ్ళిపోయాడు. రాజ్యం చివరకు శంతనునికి దక్కింది. అంటే భీష్మునికి, పాండవకౌరవులకు దారితీసిన రాజపరంపర ఒక వ్యాధిగ్రస్తుని బహిష్కారంతోనే మలుపు తిరిగింది.

ఈ కథను దుర్యోధనునికి చెప్పినవాడు ధృతరాష్ట్రుడే. దేవాపివలెనే జ్యేష్ఠుడనైనా అంగహీనుడనన్న కారణంతో తాను కూడా రాజ్యభ్రష్టుడనయ్యానని ఆయన స్వయంగా అంటాడు. యుద్ధానికి పూర్వం, కుమారుని నివారించే ప్రయత్నంలో పలికిన మాట అది. ఆ బాధను ఆయన జీవితమంతా మోశాడని గ్రహించడానికి ఆ ఒక్క మాట చాలు. ధృతరాష్ట్రుని దోషం పుత్రమోహం, అంధత్వం కాదు. ద్రౌపదికి నిండుసభలో అవమానం జరుగుతున్నప్పుడు మౌనంగా కూర్చున్న పెద్దలలో అత్యధికులకు కళ్ళు చక్కగా కనిపిస్తున్నాయి. ధృతరాష్ట్రుని పాత్రను బోధించేటప్పుడు ఈ రెండింటినీ వేరు చేసి చూపడం ఉపాధ్యాయుని ప్రథమ కర్తవ్యం.

స్మృతి విధించినది, దండనీతి నిషేధించినది

మనుస్మృతి 9వ అధ్యాయం జన్మాంధులు, బధిరులు, మూగవారు, మతిస్థిమితం లేనివారు మొదలైనవారికి పిత్రార్జితంలో భాగం లేదన్నది. వెనువెంటనే వారికి యథాశక్తి గ్రాసవస్త్రాలు ఇచ్చి తీరాలని, ఇవ్వనివాడు పతితుడని శాసించింది. పోషణ కలదు, హక్కు లేదు. దయకు పాత్రుడు, ఆస్తికి అనర్హుడు. ఈ భేదమే ఎన్నో శతాబ్దాలపాటు వైకల్యమున్నవారి స్థితిని నిర్ణయించింది. 1928 నాటి చట్టం ఈ అనర్హతలలో ఎక్కువభాగాన్ని తొలగించింది. అయితే పుట్టుకతో మతిస్థిమితం లేనివారికి, బుద్ధిమాంద్యం గలవారికి అది వర్తించలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ వ్యాధి, లోపం, వైకల్యం కారణంగా ఎవరికీ వారసత్వాన్ని నిరాకరించరాదని స్పష్టం చేసింది. గ్రాసవస్త్రాల నుండి హక్కుకు చేరడానికి పట్టిన కాలం ఎంతటిదో విద్యార్థి ఈ రెండు సంవత్సరాల ద్వారా తెలుసుకోగలడు.

అదే మనుస్మృతి 4వ అధ్యాయంలో అంగహీనులను ఆక్షేపించరాదని చెప్పింది. 8వ అధ్యాయంలో ఒంటికన్నువానిని, కుంటివానిని నిజంగానే ఆ మాటతో పిలిచినవానికి సైతం జరిమానా విధించింది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఇంకొంత ముందుకు వెళ్ళింది. ధర్మస్థీయ అధికరణంలోని వాక్పారుష్య ప్రకరణం ప్రకారం, శరీరలోపాన్ని ఎత్తి నిందిస్తే, ఆ లోపం నిజమైనప్పుడు 3 పణాలు, అబద్ధమైనప్పుడు 6 పణాలు దండన. అంధుని చూసి చక్కని కళ్ళున్నవాడా అని వెటకారంగా స్తుతిస్తే 12 పణాలు. పొగడ్త రూపంలోని ఎగతాళి తిన్నని తిట్టుకన్నా నాలుగు రెట్లు బాధిస్తుందని ఆ శాస్త్రకారునికి తెలుసు. పాఠశాల ఆవరణలో విరామ సమయంలో వినిపించే పరిహాసాలకు ఇంతకన్నా సూటియైన శాస్త్రప్రమాణం దొరకదు.

తెలుగు నుడికారం కూడా ఈ విచారణకు లోబడవలసినదే. చెవిటివాని ముందు శంఖం ఊదడం, గుడ్డెద్దు చేలో పడటం, గుడ్డికన్నా మెల్ల నయమనడం నిత్యవ్యవహారంలోని సామెతలు. వాటిని నిఘంటువు నుండి తొలగించడం సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. ఆ సామెత ఎవరి దేహాన్ని ఉపమానంగా వాడుకొంటున్నదని విద్యార్థులను ఆలోచింపజేస్తే చాలు. ఇటీవలి కాలంలో దివ్యాంగులన్న పదం ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చింది. ఆ మాటపై వైకల్యమున్నవారిలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. గౌరవవాచకం ఇచ్చి మెట్ల పక్కన వాలుదారి ఇవ్వకపోతే, ఆ గౌరవం కౌటిల్యుడు దండించిన స్తుతినిందకు మిక్కిలి దగ్గరగా వెళుతుంది.

కర్మ సిద్ధాంతం ఎవరిని ఉద్దేశించినది

వైకల్యాన్ని గురించిన చర్చలో ఆస్తికులు తప్పించుకోరాని ప్రశ్న ఒకటి ఉన్నది. వైకల్యం పూర్వజన్మ పాపఫలమా? మనుస్మృతి 11వ అధ్యాయం కొన్ని దేహలోపాలను కొన్ని పాపాలకు ఫలంగా పరిగణించింది. ఆ వచనాలను లేవని చెప్పడం సత్యం కాదు. కానీ అష్టావక్రోపాఖ్యానాన్ని మరొకసారి చూడాలి. అక్కడ వంకరలకు కారణం శిశువు చేసిన పాపం కాదు, తండ్రి కోపం. కర్మగతి గహనమైనదని గీతాచార్యుడు చతుర్థాధ్యాయంలో హెచ్చరించాడు. గహనమైనదానిని పొరుగింటి శిశువు విషయంలో మాత్రం సులభంగా తేల్చివేయడం శాస్త్రజ్ఞానం అనిపించుకోదు, అది అహంకారం.

కర్మ సిద్ధాంతం సాధకుడు తన కర్తృత్వాన్ని తాను పరిశీలించుకోవడానికి ఉద్దేశింపబడినది. ఇతరుల బాధకు కారణం నిర్ణయించే న్యాయపీఠంగా దానిని మార్చినప్పుడు ఫలితం ఒక్కటే: చూసేవాని బాధ్యత తొలగిపోతుంది. ఇతరుని వైకల్యం అతని ప్రారబ్ధమైతే, ఆ వైకల్యం ఎదుట నిలిచినవాని ప్రవర్తన నేటి ఆగామి కర్మ. దీర్ఘతముని గంగలో వదిలినవారు, గట్టుకు చేర్చినవాడు ఒకే అంధుని ఎదుట నిలిచారు. కర్మ విచారణ చేయదలచినవారు మొదట ఆ రెండు కర్మల భేదాన్ని విచారించాలి. వేదాంత దృష్టిలో దేహం క్షేత్రం. దానిని తెలిసినవాడు క్షేత్రజ్ఞుడు. కన్ను దేనిని చూడలేదో, దేనివల్ల కన్ను చూడగలుగుతున్నదో అదే బ్రహ్మమని కేనోపనిషత్తు తాత్పర్యం. ఆ చైతన్యానికి చూపున్న దేహం దగ్గర, చూపులేని దేహం దూరం కాదు.

ఆధునిక చరిత్ర బోధించే పాఠం

1809లో ఫ్రాన్సులో జన్మించిన లూయీ బ్రెయిలీ మూడేళ్ళ వయస్సులో తండ్రి పనిముట్టు తగిలి చూపు కోల్పోయాడు. సైనికులు చీకటిలో చదువుకోవడానికి ఉద్దేశించిన 12 చుక్కల లిపిని సంస్కరించి, 1824 నాటికి, అంటే 15 ఏళ్ళ వయస్సులో, 6 చుక్కల లిపిని రూపొందించాడు. ఆయన చదివి బోధించిన పారిస్ సంస్థలోనే ఆ లిపికి కొంతకాలం నిషేధం ఎదురైంది. 1852లో ఆయన మరణించిన తరువాత 1854లో దానికి అక్కడ అధికారిక ఆమోదం లభించింది. భారతీయ భాషలన్నింటికీ ఏకరూపమైన భారతీ బ్రెయిలీ 1951లో స్థిరపడింది. బధిరుల విషయంలో చరిత్ర మరింత కఠినం. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మహాసభ సంజ్ఞాభాషను విద్యాబోధన నుండి బహిష్కరించాలని తీర్మానించింది. బధిరుల భాషను గురించిన ఆ నిర్ణయాన్ని దాదాపు పూర్తిగా వినగలిగినవారే తీసుకొన్నారు. ఆ తీర్మానాలను అదే పరంపరలోని మహాసభ తిరస్కరించి విచారం వ్యక్తం చేసినది 2010లో. నడుమ గడిచినవి 130 సంవత్సరాలు. మన దేశంలో 1887లో అమృత్‌సర్‌లో అంధులకు, 1893లో కలకత్తాలో బధిరులకు పాఠశాలలు వెలిశాయి. భారతీయ సంజ్ఞాభాషకు జాతీయ పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడినది మాత్రం 2015లో.

ఇదే కాలంలో విద్య వేరొక దిశలో కూడా ప్రవహించింది. పంజాబులో పుట్టి, ఐదేళ్ళ వయస్సులో మశూచి వల్ల చూపు కోల్పోయిన విరజానంద దండి మథురలో వ్యాకరణ పాఠశాల నడిపాడు. 1860లో ఆయనను ఆశ్రయించిన శిష్యుడే దయానంద సరస్వతి. గురువు అంధుడు, శిష్యుడు చూపున్నవాడు. అంధులు ఎల్లప్పుడూ సహాయం పొందేవారే గాని ఇచ్చేవారు కారన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క గురుశిష్య సంబంధం పటాపంచలు చేస్తుంది.

తెలుగునాట ఇంకొక ఉదాహరణ ఉన్నది. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల వెలసింది. ఆస్థానోద్యోగి కుమారుడైన ఒక అంధబాలుని సంగీత విద్య కోసం మహారాజు విజయరామ గజపతి దానిని స్థాపించాడని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. చిన్ననాటి నుండి చూపు మందగించి, అన్నగారి వద్ద వాయులీనం నేర్చుకొన్న ద్వారం వెంకటస్వామి నాయుడు 26 ఏళ్ళకే అక్కడ ఆచార్యుడై, 1936లో అధ్యక్షుడయ్యాడు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ కళాశాల విద్యార్థే. ఒక అంధబాలుని కోసం తెరిచిన ద్వారం గుండా తెలుగువారి సంగీతమే లోపలికి నడిచింది.

తరగతి గదిలో

ఈ చరిత్రను బోధించడానికి ఒక ప్రత్యేక దినం, ఒక ఉపన్యాసం చాలవు. తెలుగు పాఠంలో భారతకథ వచ్చినప్పుడు దేవాపిని, సాంఘికశాస్త్రంలో చట్టాలు వచ్చినప్పుడు 1928ని, 1956ని, 2016ని, విజ్ఞానశాస్త్రంలో స్పర్శేంద్రియం వచ్చినప్పుడు బ్రెయిలీని ప్రస్తావించవచ్చు. సాధారణంగా అవగాహన పేరుతో విద్యార్థుల కళ్ళకు గంతలు కట్టి ఐదు నిమిషాలు నడిపిస్తారు. దానివల్ల కలిగేది చీకటి అంటే భయం. అంధులు సంవత్సరాల తరబడి సాధించిన నైపుణ్యం అందులో కనిపించదు. గాంధారి జీవితాంతం కళ్ళకు గంత కట్టుకొన్నది. ఆమె పాతివ్రత్యం లోకవంద్యం. కానీ ఆ గంత వల్ల ధృతరాష్ట్రునికి కొత్తగా తెలిసినదేమీ లేదు. వైకల్యమున్నవారినే పాఠశాలకు ఆహ్వానించి, జాలికథలుగా కాక వారి వృత్తి, విద్య, పోరాటం గురించి మాట్లాడనిస్తే విద్యార్థులకు నిజమైన అవగాహన కలుగుతుంది. పాఠం ముగిసిన తరువాత తమ పాఠశాలలోని మెట్లను, మరుగుదొడ్లను, గ్రంథాలయాన్ని, ప్రార్థనా స్థలాన్ని విద్యార్థులే పరిశీలించి, ఎవరికి ప్రవేశం లేదో రాసి ప్రధానోపాధ్యాయునికి ఇవ్వవచ్చు. జనకుని ద్వారపాలకుడు నేడు ఎక్కడ నిలిచి ఉన్నాడో అప్పుడు వారికే తెలుస్తుంది. దేవాలయాల ధర్మకర్తలకు కూడా ఈ పరిశీలన వర్తిస్తుంది.

గంత చేయలేని పనిని సంజయుడు చేశాడు. కురుక్షేత్ర సంగ్రామానికి ముందు వ్యాసభగవానుడు ధృతరాష్ట్రునికి చూపు ఇస్తానన్నాడు. బంధువుల వధను చూడజాలనని, వృత్తాంతం వినగోరుతున్నానని ఆయన అన్నాడు. వ్యాసుడు ఆ కోరికను తృణీకరించలేదు, చూపును బలవంతంగా రుద్దలేదు. సంజయునికి దివ్యదృష్టి ప్రసాదించి, చూసినదంతా వినిపించే ఏర్పాటు చేశాడు. భగవద్గీత ధృతరాష్ట్రుని ప్రశ్నతో ప్రారంభమవుతుంది. కృష్ణార్జున సంవాదం రథంపై ఇద్దరి మధ్య జరిగింది. లోకానికి అందినది మాత్రం ఒక అంధుడు అడిగినందువల్ల, అతనికి అర్థమయ్యే రీతిలో మరొకరు వివరించినందువల్ల. గీతను నిత్యం పారాయణ చేసే ప్రతి గృహం, గీతాశ్లోకాలు వల్లెవేయించే ప్రతి పాఠశాల ఆ ఏర్పాటుకు ఋణపడి ఉన్నాయి. ఆ ఋణం తీర్చుకోవడానికి తరగతి గదిలో చివరి బల్ల వద్ద కూర్చున్న బాలునికి పాఠం వినిపిస్తున్నదా, బోర్డు కనిపిస్తున్నదా అని అడగడం తొలి మెట్టు.